కెగ్‌లో బీరు మాగబెట్టేటప్పుడు గ్యాస్ ముందా, తర్వాతా?

తమ్ముడూ, అన్నా అని అడిగావు కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోకు. నీ ప్రశ్న పూర్తిగా చదవని వాళ్ల కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తాను. డాలస్‌లో ఇంట్లో చేసిన ఓట్‌మీల్ స్టౌట్ అనే నల్ల బీరు, ఆల్కహాల్ సుమారు 7 శాతం. ఫెర్మెంటేషన్ (పులియడం) అయిపోయాక 5 గ్యాలన్ల కెగ్‌లోకి, అంటే స్టీలు పీపాలోకి దించి, మూత కూర్చోవడానికి కాస్త గ్యాస్ కొట్టడం తప్ప, బుడగల కోసం పెట్టే గ్యాస్ (కార్బన్ డయాక్సైడ్) ఎక్కించకుండానే అపార్ట్‌మెంట్ క్లోజెట్‌లో పెట్టి, సెలవుకు తిరుపతి వచ్చేశావు. ఇంకో ఆరు వారాలు ఇక్కడే ఉంటావు. అక్కడ రూమ్మేట్ ఏమో ఇప్పుడే గ్యాస్ పెట్టేద్దాం, లేకపోతే పాడైపోతుంది అంటున్నాడు. నువ్వేమో బాగా మాగిన తర్వాతే గ్యాస్ పెట్టాలని ఎక్కడో విన్నావు. ఇద్దరిలో ఎవరి మాట కరెక్ట్ అన్నది ప్రశ్న.

బీరు మాగడానికీ, గ్యాస్ ఎక్కించడానికీ సంబంధం చాలా తక్కువ. ముందు పెట్టినా, తర్వాత పెట్టినా ఆరు వారాలకు ఆ స్టౌట్‌లో పెద్ద తేడా కనిపించదు. తేడా వచ్చేది ఒక్క విషయంలోనే, కెగ్ మూత సరిగ్గా బిగిసి ఉందా, లోపలికి గాలి పోతోందా అన్నదాంట్లో. గ్యాస్ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కించుకోవచ్చు, కానీ ఆక్సిజన్ బీరులో కలిసి తన పని మొదలుపెట్టాక దాన్ని వెనక్కి తీసే దారి లేదు. అందుకని మీ ఇద్దరూ తేల్చుకోవాల్సింది గ్యాస్ సంగతి కాదు, మూత సంగతి.

నేను బెంగళూరులో ఒక బ్రూ పబ్‌లో చాలా ఏళ్లు బ్రూయర్‌గా చేశాను, ఇప్పుడు మా ఊరికి వచ్చేసి చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. బీరు, మామిడి గుజ్జు వేరు వేరు సరుకులే గానీ రెండింటికీ శత్రువు మాత్రం గాలే. తోతాపురి గుజ్జును అసెప్టిక్ (సూక్ష్మజీవులు లేని) సంచిలో నింపేటప్పుడు పైన గాలి మిగిలిందంటే కొన్నాళ్లకు ఆ పైభాగం రంగు తిరుగుతుంది. కెగ్‌లో జరిగేదీ అదే, కాకపోతే స్టౌట్ నల్లగా ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు, నోట్లో పెట్టుకున్నాకే తెలుస్తుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, రోస్టెడ్ మాల్ట్ (వేయించిన మొలక బార్లీ) రుచి మొద్దుబారుతుంది, వెనకాల ఒక పాతబడిన తీపి మిగులుతుంది.

మాగడం అంటే లోపల అసలు ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే అది తెలిస్తే మిగతావి నీకే తట్టేస్తాయి. బీరును పులియబెట్టే ఈస్ట్ చక్కెరలు తినేశాక కూడా ఊరికే ఉండదు. మధ్యలో అది బయటికి వదిలిన కొన్ని పదార్థాలను మళ్లీ లోపలికి తీసుకుంటుంది. పచ్చి ఆపిల్ వాసన ఇచ్చే ఎసిటాల్డిహైడ్, వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్ అలా తగ్గుతాయి. దీనికి ఈస్ట్ బతికి ఉండాలి, కొంచెం వెచ్చదనం ఉండాలి, 18 నుంచి 20 డిగ్రీలు బాగుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టేస్తే ఈ పని బాగా నెమ్మదిస్తుంది. దీంతో పాటు తేలుతున్న ఈస్ట్, ప్రొటీన్లు, పాలీఫినాల్స్ మెల్లగా కిందికి దిగి బీరు తేటపడుతుంది, ఇది మాత్రం చల్లగా ఉంటేనే త్వరగా అవుతుంది. రోస్టెడ్ మాల్ట్ ఇచ్చే చేదు, కాఫీ పొడి నాలిక మీద పడ్డట్టుండే ఆ గరుకు, ఆల్కహాల్ ఘాటు వారాలు గడిచే కొద్దీ మెత్తబడతాయి. వీటిలో దేనికీ బుడగలతో పని లేదు. సీసాలో పూర్తిగా గ్యాస్ ఉన్న బెల్జియన్ బీర్లు ఏళ్ల తరబడి మాగుతూనే ఉంటాయి కదా, గ్యాస్ ఉంటే మాగదు అన్నది నిజమే అయితే అవెలా మాగుతున్నాయి?

మరి గ్యాస్ లేకుండానే మాగబెట్టాలన్న మాట ఎందుకు వచ్చిందంటే, పెద్ద ట్యాంకుల్లో పని జరిగే తీరు అలా ఉంటుంది కాబట్టి. ట్యాంకులో కండిషనింగ్ (మాగబెట్టడం) ముగించి, ఫిల్టర్ చేసి, ఆఖర్లో గ్యాస్ ఎక్కించి ప్యాకింగ్‌కు పంపడం కొన్ని చోట్ల వాడుక. అది పని సౌకర్యం కోసం పెట్టుకున్న వరుస, రుచి కోసం కాదు. ఇంట్లో ఒక కెగ్ పెట్టుకున్నవాడికి ఆ వరుసతో అవసరం లేదు.

ఇప్పుడు అసలు విషయం, మూత. నీ దగ్గరున్నది కార్నీ కెగ్ అయితే, చాలామంది హోమ్‌బ్రూయర్ల దగ్గర ఉండేది అదే, దాని మూత కోడిగుడ్డు ఆకారంలో ఉండి లోపలి నుంచి పైకి నొక్కుకుని మూసుకుంటుంది. పైన తీగ క్లాంప్ ఉంది కదా, అది బిగించేస్తే అయిపోయినట్టే అనుకుంటారు, కానే కాదు. క్లాంప్ మూతను దాని స్థానంలో పట్టుకుంటుందే తప్ప, రబ్బరు రింగును గట్టిగా అదిమి సీల్ చేసేది లోపలి ప్రెషర్. ఈ కెగ్‌లు మొదట సోడా సిరప్ కోసం తయారైనవి, ఎప్పుడూ ప్రెషర్ కింద ఉంటాయన్న లెక్కతోనే చేశారు. చాలావాటి మీద 130 పీఎస్ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్) దాకా తట్టుకుంటుందని ముద్ర ఉంటుంది. ప్రెషర్ లేకుండా ఊరికే మూత వేసి పెడితే, ముఖ్యంగా పాత కెగ్ అయితే, రింగు పక్క నుంచి గాలి మెల్లగా లోపలికీ బయటికీ తిరుగుతుంది. మీ రూమ్మేట్ పాడైపోతుందంటున్నది ఈ కారణంతో అయితే అతని భయం సరైనదే.

నువ్వు రాసినదాన్ని బట్టి మూత పెట్టాక కాస్త గ్యాస్ కొట్టి తీసేశావు. చాలామంది చేసేది అదే, అందులో ఒక చిక్కుంది. 19 లీటర్ల కెగ్‌లో 18 లీటర్ల బీరు, పైన ఒక లీటరు ఖాళీ అనుకుందాం. 30 పీఎస్ఐ కొట్టావంటే ఆ లీటరు ఖాళీలో మామూలు ప్రెషర్ దగ్గర 2 లీటర్ల గ్యాస్ అదనంగా దూరినట్టు. గది వేడిమిలో ఫెర్మెంటేషన్ ముగిసిన బీరులో ముందే సుమారు 0.85 వాల్యూమ్‌ల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, అంటే లీటరు బీరుకు 0.85 లీటరు గ్యాస్. నువ్వు కొట్టిన ఆ 2 లీటర్లు 18 లీటర్ల బీరులోకి ఇంకిపోతే పెరిగేది 0.1 వాల్యూమ్ మాత్రమే. బీరు దాన్ని రెండు మూడు రోజుల్లో పీల్చేసుకుంటుంది, పైన ప్రెషర్ ఒకటి రెండు పీఎస్ఐకి పడిపోతుంది. అంటే కెగ్ ఎక్కడా లీక్ కాకపోయినా, నువ్వు పెట్టిన ప్రెషర్ దానంతట అదే మాయమవుతుంది, రింగు మళ్లీ వదులవుతుంది. ఇది చూసి లీక్ అనుకుని టెన్షన్ పడేవాళ్లు కొందరు, లీక్ లేదు కదా అని వదిలేసేవాళ్లు కొందరు. రెండూ తప్పే.

అందుకని నేను చెప్పేది మధ్యే మార్గం. మీ రూమ్మేట్‌తో ముందు 30 పీఎస్ఐ కొట్టించు, మూత టప్పుమని కూర్చుంటుంది. గిన్నెలో సబ్బు నీళ్లు కలిపి మూత చుట్టూ, రెండు పోస్టుల (గ్యాస్, బీరు పైపులు తగిలించే మొనల) మీద, ప్రెషర్ వదిలే రిలీఫ్ వాల్వ్ మీద బ్రష్‌తో రాయమను. బుడగలు వస్తే గ్యాస్ తీసేసి, రిలీఫ్ వాల్వ్ లాగి ప్రెషర్ అంతా వదిలేశాకే మూత విప్పి, రింగుకు ఫుడ్ గ్రేడ్ సిలికాన్ లూబ్రికెంట్ పూసి మళ్లీ పెట్టాలి. బుడగలు లేకపోతే సిలిండర్ మీద ప్రెషర్ సరిచేసే రెగ్యులేటర్‌ను 12 పీఎస్ఐకి తగ్గించి, అతను ఇంట్లో ఉండే ఒక వారం పాటు సిలిండర్ కలిపి ఉంచాలి. గది 22 డిగ్రీల దగ్గర ఉంటే బీరు సుమారు ఒకటిన్నర వాల్యూమ్‌ల దగ్గర ఆగుతుంది. అది తాగడానికి సరిపోయే గ్యాస్ కాదు, కానీ ఆ తర్వాత సిలిండర్ తీసేసినా పైన ప్రెషర్ 12 దగ్గరే నిలబడుతుంది, ఎందుకంటే బీరు ఇక పీల్చుకోదు. రింగు గట్టిగా అదిమి ఉంటుంది. ఆరు వారాలు నువ్వు తిరుపతిలో నిశ్చింతగా ఉండొచ్చు.

మూత విప్పాల్సి వచ్చిందంటే మాత్రం పైన చేరిన గాలిని తరిమేయాలి. 30 పీఎస్ఐ కొట్టి, రిలీఫ్ వాల్వ్ లాగి పూర్తిగా వదలడం, మళ్లీ కొట్టడం, మళ్లీ వదలడం. అలా చేసిన ప్రతిసారీ లోపలున్న ఆక్సిజన్ మూడో వంతుకు తగ్గుతుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం కాబట్టి లెక్క వేస్తే 5 సార్లకు ఇంకా 800 పీపీఎం (పది లక్షల్లో 800 వంతులు) మిగిలే ఉంటుంది, 10 సార్లకు 3 పీపీఎంకు వస్తుంది. రెండు మూడు సార్లు తుస్సుమనిపించి చాలనుకోవడం నాకు అస్సలు నచ్చని అలవాటు. గ్యాస్ ఖర్చవుతుందే అనుకుంటారు గానీ పైన ఖాళీ ఒక లీటరే అయినప్పుడు ఖర్చెంతని? ఇక వచ్చేసారి నుంచి ఇంకా మంచి పద్ధతి, ఖాళీ కెగ్‌ను శానిటైజర్ నీళ్లతో అంచు దాకా నింపి, మూత పెట్టి, గ్యాస్‌తో ఆ నీళ్లను బయటికి తోసేయడం. నీళ్లు పోయిన చోట కార్బన్ డయాక్సైడ్ తప్ప ఇంకేమీ ఉండదు. అందులోకి ఫెర్మెంటర్ నుంచి మూత తెరవకుండానే, లిక్విడ్ పోస్ట్ ద్వారా బీరు దించుకోవచ్చు.

సిలిండర్ గురించి ఒకటి చెప్పాలి, ఇది రుచి సంగతి కాదు, ప్రాణం సంగతి. ఇళ్లల్లో వాడే 5 పౌండ్ల సిలిండర్‌లో సుమారు 2.27 కిలోల గ్యాస్ ఉంటుంది, అంతా బయటికొస్తే దాదాపు 1.2 ఘనపు మీటర్లు అవుతుంది. చిన్న క్లోజెట్, తలుపు మూసి ఉంది, రాత్రంతా లీకైంది, పొద్దున్నే మనిషి తల లోపలికి పెట్టాడు అనుకో, అది నిజంగా ప్రమాదం. కార్బన్ డయాక్సైడ్‌కు వాసన ఉండదు, గాలి కంటే బరువు కాబట్టి కింద పేరుకుంటుంది. ఆ వారం రోజులూ కెగ్‌నూ సిలిండర్‌నూ క్లోజెట్ బయట, గాలి ఆడే చోట పెట్టమను. వారం తర్వాత సిలిండర్ వాల్వ్ కట్టేసి, ఒక రోజు గేజ్ చూశాక గ్యాస్ పైపు తీసేయమను. ఎవరూ లేని ఇంట్లో వారాల తరబడి కలిపి ఉంచొద్దు, కనీసం సిలిండరంతా ఖాళీ అయిపోయే నష్టమైనా తప్పుతుంది.

ఇక వేడి. నీ కెగ్ ఏసీ ఉన్న ఇంట్లో ఉంది కాబట్టి పర్వాలేదు, గ్యారేజీలోకి మాత్రం మార్చనివ్వకు. రేణిగుంటలో దిగగానే మొహానికి కొట్టే ఆ వేడి టెక్సస్ గ్యారేజీలోనూ ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే బీరును పాతబరిచే రసాయన చర్యల వేగం రెట్టింపో, అంతకంటే ఎక్కువో అవుతుంది. 20 డిగ్రీల దగ్గర ఆరు వారాలు హాయిగా ఉండే స్టౌట్, 38 డిగ్రీల దగ్గర అదే ఆరు వారాల్లో ముసలిదైపోతుంది. రూమ్మేట్ కూడా ఎక్కడికైనా వెళ్తూ ఏసీ ఆపేసే పని ఉంటే ముందే చెప్పమను, అప్పుడు ప్లాన్ మార్చి ఫ్రిజ్‌లోకి పంపాలి.

ఫ్రిజ్ అన్నాను కాబట్టి, ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. గ్యాస్ పెట్టని బీరును గది వేడిమి నుంచి 4 డిగ్రీలకు చల్లబరిస్తే, చల్లటి ద్రవం గ్యాస్‌ను ఎక్కువగా పీల్చుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర 0.85 వాల్యూమ్‌లతో నిండుగా ఉన్న బీరు, 4 డిగ్రీలకు వచ్చేసరికి ఇంకా ఆకలిగా ఉంటుంది, పైన ఖాళీలో ఉన్నదంతా లాగేసుకుంటుంది, లోపల వ్యాక్యూమ్ వస్తుంది. మూత కిందికి జారి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆరు వారాలు జాగ్రత్తగా కాపాడి ఆఖరి రోజు ఫ్రిజ్‌లో గాలి పట్టించడం ఎంత బాధ! మనం పైన ఒకటిన్నర వాల్యూమ్‌లు పెట్టించాం అనుకో, అప్పుడు కూడా 4 డిగ్రీలకు వచ్చేసరికి ప్రెషర్ సున్నా దగ్గరకే పడుతుంది. కాబట్టి కెగ్ ఫ్రిజ్‌లోకి వెళ్లే రోజున గ్యాస్ కలిపే ఉండాలి, చల్లబడుతున్నంత సేపూ కలిపే ఉండాలి.

ఇంకో దారి కూడా ఉంది, నువ్వు బయల్దేరే ముందు అడిగి ఉంటే ఇదే చెప్పేవాణ్ని. కెగ్‌లో ప్రైమింగ్ షుగర్ (ఈస్ట్‌తో గ్యాస్ చేయించడానికి వేసే కొద్ది చక్కెర) వేసి, సీసాలకు వేసేదానికంటే కాస్త తక్కువగా, 30 పీఎస్ఐతో మూత కూర్చోబెట్టి వదిలేయడం. ఈస్ట్ ఆ చక్కెర తింటూ గ్యాస్ తానే తయారు చేస్తుంది, దాంతో పాటు లోపల మిగిలిన ఆక్సిజన్‌ను కూడా చాలావరకు తినేస్తుంది. 20 డిగ్రీల దగ్గర మూడు వారాల్లో పని అయిపోతుంది, ప్రెషర్ తగ్గే భయం లేదు, సిలిండర్ అవసరం లేదు. అడుగున కొంచెం మడ్డి పెరుగుతుంది, మొదటి గ్లాసు పారబోస్తే సరి. ఇప్పుడు ఇందుకోసం మళ్లీ మూత తెరవడం దండగ, వద్దు.

గ్రావిటీ గురించి, అంటే బీరులో ఇంకా ఎంత చక్కెర మిగిలిందో చెప్పే సాంద్రత గురించి నువ్వు రాయలేదు. రెండు మూడు రోజుల తేడాతో దాన్ని కొలిచే హైడ్రోమీటర్ రీడింగ్ ఒకటే వచ్చాకే కెగ్‌లోకి దించావని నమ్ముతున్నాను. డౌటుంటే పిక్నిక్ ట్యాప్‌తో (చేత్తో నొక్కే చిన్న కుళాయి) కొద్దిగా బీరు పట్టి రెండు గ్లాసుల్లో పోసి, ఒకదానికి మూత పెట్టి 60 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి, చల్లార్చి, రెండూ పక్కపక్కన వాసన చూడమను. వేడి చేసినదాంట్లో పాప్‌కార్న్ మీది వెన్నలాంటి వాసన వస్తే ఈస్ట్ పని ఇంకా పూర్తి కాలేదని అర్థం, అప్పుడు గది వేడిమిలో ఉంచడమే మంచిది. ఆ గ్లాసు తాగి చప్పగా ఉంది, తియ్యగా ఉంది, బీరు పోయింది అని ఫోన్ చేస్తే కంగారుపడకు. గ్యాస్ లేని స్టౌట్ అలాగే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ కరిగినప్పుడు వచ్చే ఆ చిన్న పులుపు, బుడగలతో పాటు పైకి లేచే వాసన లేకుండా ఏ బీరు రుచీ తేల్చకూడదు.

కింద కామెంట్లో ఒకరు తన ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసి చేసే బీరు) కూడా ఇలాగే రెండు నెలలు పెట్టొచ్చా అని అడిగారు. వద్దండీ. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) వాసన వారాల్లోనే తగ్గిపోతుంది, దాని కోసమే కదా ఆ బీరు చేసేది. పైగా డ్రై హాప్స్ (వాసన కోసం చివర్లో వేసే హాప్స్) కెగ్‌లోనే ఉంచి వెచ్చగా వదిలేస్తే గడ్డి రుచి వస్తుంది, హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండి చక్కెరలను విడగొట్టి ఈస్ట్‌ను మళ్లీ లేపుతాయి. ఐపీఏకి, వీట్ బీరుకి వెంటనే గ్యాస్ పెట్టి చల్లగా ఉంచి త్వరగా తాగేయడమే. మాగబెట్టాల్సినవి స్టౌట్లు, బార్లీ వైన్, డాపెల్‌బాక్, బెల్జియన్ డార్క్ స్ట్రాంగ్ లాంటి బలమైన బీర్లు. లాగర్ సంగతి వేరు, దాన్ని సున్నా నుంచి 4 డిగ్రీల మధ్య కొన్ని వారాలు చల్లగానే మాగబెడతారు.

మరొకరు మదనపల్లె నుంచి, ఇదంతా మన ఇంట్లో చేసుకోవచ్చా అన్నారు. చేయకూడదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారీ నేరం, బీరు కూడా అందులోకే వస్తుంది, సొంతానికే కదా అన్న వాదన పనికిరాదు. అమెరికాలో అయితే 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో సొంత వాడకానికి బీరు చేసుకోవడం ఫెడరల్ స్థాయిలో అనుమతి అయింది, ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 200 గ్యాలన్లు, అమ్మకూడదు. అక్కడ కూడా మిసిసిపి, అలబామా 2013 దాకా ఒప్పుకోలేదు. నేను రాసిందంతా అనుమతి ఉన్న చోట చేసేవాళ్ల కోసమే. ఇక్కడ నేర్చుకోవాలన్న ఆసక్తి ఉంటే బెంగళూరులో లైసెన్సు ఉన్న బ్రూ పబ్‌లో చేరడం నేనెరిగిన మంచి దారి.

నువ్వు వెనక్కి వెళ్లాక చేయాల్సింది తక్కువే. గ్యాస్ కలిపి కెగ్‌ను 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టు, రెగ్యులేటర్ 8 పీఎస్ఐ దగ్గర ఉంచు, స్టౌట్‌కు 2.2 వాల్యూమ్‌లు చాలు. వారం పది రోజుల్లో తయారవుతుంది. 30 పీఎస్ఐ పెట్టి కెగ్‌ను ఊపేసే పద్ధతి దీనికి వద్దు, ఇన్ని వారాలు కిందికి దిగిన మడ్డి అంతా మళ్లీ లేస్తుంది.

ప్రస్తుతానికి ఈ పూట మీ రూమ్మేట్‌తో ఆ 30 పీఎస్ఐ, సబ్బు నీళ్ల పరీక్ష చేయించు. డాలస్‌లో సాయంత్రం అంటే మనకు తెల్లవారుజామున అవుతుంది, ముందే మెసేజ్ పెట్టి ఉంచు. వారం తర్వాత సిలిండర్ వాల్వ్ కట్టేసి, పైపు తీయకుండా ఒక రోజు ఆగి గేజ్ మీద ఎంత నిలబడిందో ఫోటో తీయమని చెప్పు. ఆ ఫోటో ఇక్కడ పెట్టు, 12 దగ్గరే నిలబడితే సరే, తగ్గితే లీక్ పైపులోనా కెగ్‌లోనా అన్నది చూసి చెప్తాను.